ఏడో నెల పాపకి బీన్స్: మెదిపి పెట్టాలా, కాయ చేతికివ్వాలా?

బందరు అమ్మాయి (కూకట్‌పల్లి)
మా పాపకి ఆరు నెలలు నిండి పద్దెనిమిది రోజులు. అన్నప్రాసన అయింది. ఉగ్గు, పెసరకట్టు, గుమ్మడికాయ బాగానే తింటోంది. నాలుగు రోజుల కిందట బీన్స్ మొదలుపెట్టాం. అప్పటినుంచి ఇంట్లో రోజూ వాదనే. కుక్కర్లో మెత్తగా ఉడికించి, మెదిపి, జల్లెడ పట్టి, చిటికెడు ఉప్పూ నేతిచుక్కా వేసి అన్నంలో కలిపి పెట్టాలని అత్తయ్య అంటారు. ఉడికించిన కాయ పాప చేతికే ఇస్తే తనే తింటుందని మావారు అంటారు. పాపేమో ముద్ద నోట్లో పెట్టగానే మొహం చిట్లించి నాలుకతో బయటకి తోసేస్తోంది. నాలుగు రోజులూ ఇదే వరస. "దానికి పడలేదు, మానేద్దాం" అంటున్నారు అత్తయ్య. ఎవరి మాట వినాలో తెలియక అడుగుతున్నాను. ఉప్పు వెయ్యొచ్చా? కాయ ఇవ్వొచ్చా? మొహం చిట్లిస్తే మానేయాలా?

భీమవరం అమ్మమ్మ
మీ అత్తగారి మాటే నా మాట, తల్లీ. ఇద్దరు పిల్లల్ని, నలుగురు మనవల్ని పెంచాను. పళ్ళు రాని బిడ్డ చేతిలో కాయ పెట్టడం నాకు మింగుడుపడదు. మా వీధిలో ఒక బాబుకి ఉడికీ ఉడకని శనగగింజ గొంతుకడ్డం పడి, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేదాకా మా అందరి ప్రాణాలూ పోయి వచ్చాయి. బతికాడు. కానీ ఆ రోజు వాడి పెదాలు నీలంగా మారడం నా కళ్ళతో చూశాను. ఇక ఉప్పంటావా, ఉప్పు లేని కూడు పెద్దవాళ్ళమే తినలేం, పసిబిడ్డ ఎలా తింటుంది?

సియాటిల్ నాన్న
అమ్మమ్మ గారూ, మీరు చూసింది చిన్న విషయం కాదు. గుండ్రంగా, గట్టిగా ఉండే గింజలు నిజంగానే ప్రమాదం, అందులో వాదన లేదు. నేను చెప్పేది మెత్తగా ఉడికిన పొడవాటి కాయ గురించి. ఇంగ్లండ్‌లో గిల్ రాప్లీ అనే ఆవిడ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది: ఆరు నెలలు నిండి, ఆసరా ఉంటే నిటారుగా కూర్చుని, మెడ నిలబెట్టగలిగే బిడ్డకి పిడికిలి దాటి బయటకి వచ్చేంత పొడవు ముక్క ఇస్తే తనే నోటికి తీసుకెళ్తుంది. న్యూజిలాండ్‌లో 206 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 2016లో అచ్చయింది. చేతికిచ్చి తినిపించడంలో తల్లిదండ్రులకి జాగ్రత్తలు నేర్పినప్పుడు, స్పూన్‌తో తిన్న పిల్లల కంటే వీళ్ళకి ఎక్కువసార్లేమీ గొంతుకడ్డం పడలేదు. రెండు గుంపుల్లోనూ అడ్డం పడ్డ పిల్లలున్నారు, అది కూడా చెప్పాలి.

మా బాబుకి మేం కాయని కోయకుండా, తొడిమ, తోక మాత్రం తీసి ఆవిరి మీద ఉడికించేవాళ్ళం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే పూర్తిగా నలిగిపోవాలి. నలగకపోతే మళ్ళీ పొయ్యి మీదకే.

భీమవరం అమ్మమ్మ
నలిగేది కండ, బాబూ. తొక్కా? బీన్స్ తొక్క అంగిట్లో అతుక్కుంటుంది. పెద్దవాళ్ళకే అతుక్కుంటుంది.

ఇద్దరు పిల్లల తల్లి (తిరుపతి)
అమ్మమ్మ గారి తొక్క మాట నిజం. కాకపోతే అది కాయని బట్టి ఉంటుంది. గింజ ఉబ్బి బయటకి కనబడే ముదురు కాయ పసిపిల్లలకి ఏ పద్ధతిలోనూ పనికిరాదు, పీచు నములుడుపడదు. విరిస్తే టప్పుమని విరగాలి, వంగకూడదు. రెండు చివర్లూ విరిచి లాగితే వచ్చే నార రెండు పక్కలా తీసేయాలి. చిక్కుడుకాయకి ఎలా తీస్తామో అలాగే. పెద్దవాళ్ళ కూరకి తొందరలో వదిలేసినా బిడ్డకి వదలొద్దు.

నేను ఇడ్లీ పాత్రలో పెట్టి ఇరవై నిమిషాల దాకా ఉడికిస్తాను. రంగు కాస్త వెలిసి, కాయ వాలిపోవాలి. హోటళ్ళలో లాగా కరకరలాడేలా పచ్చగా ఉంచితే చూడటానికి బాగుంటుంది గానీ బిడ్డకి పనికిరాదు. సగం ఉడికిన బీన్స్ కడుపుకీ మంచిది కాదు, పచ్చి కాయలో ఉండే లెక్టిన్లు బాగా ఉడికితేనే పోతాయి. తర్వాత కాయని నిలువుగా చీల్చి, లోపలి గింజలు వేలితో తోసేస్తాను. మిగిలింది మెత్తటి పట్టీ. పెద్దవాడికి మెదిపి పెట్టాను, చిన్నదానికి ఈ పట్టీలు ఇచ్చాను. ఇద్దరూ పదకొండో నెలకల్లా మా కంచంలోది తిన్నారు. నాకు తేడా కనిపించింది ఒక్కటే: చిన్నది గిన్నెలో ఉన్నదాన్ని తాకి చూడటానికి భయపడదు.

అంగన్‌వాడీ టీచర్ (నల్గొండ జిల్లా)
మా సెంటర్‌కొచ్చే తల్లులు కూడ ఇదే అడుగుతరు. నేను చెప్పేది ఇది. ఏడో నెలల మెత్తగ మెదిపి పెట్టుండ్రి, కానీ జల్లెడ పట్టకుండ్రి. నీళ్ళలెక్క చేసి పెడితే కడుపు నిండుతది గానీ బలం రాదు. చెంచా ఒంపితే జారిపోకుండ నిలబడాలె. రెండు మూడు చెంచాలతోని మొదలువెట్టి, ఎనిమిదో నెల నిండేటాల్లకు చిన్న గిన్నెల సగం దాకా పోవచ్చు. ఎనిమిదో నెలకు చాలామంది పిల్లలు చేతితోని పట్టుకొని తినగలుగుతరు, అప్పుడు ముక్కలు ఇయ్యాలె. ఏడాదికి ఇంట్ల తిండే.

ఉప్పు, చక్కెర ఏడాది నిండేదాక వద్దు. పిల్లల కిడ్నీలు అంత ఉప్పును బయటికి పంపలేవు, తల్లిపాలల్ల ఉన్న ఉప్పే సరిపోతది. తేనె కూడ వద్దు.

ఇంకో మాట. బీన్స్ పెట్టినం గదా అని నిమ్మళంగ ఉండకుండ్రి. మనదేశంల ఐదేండ్లలోపు పిల్లలల్ల 67 శాతం మందికి రక్తహీనత ఉన్నదని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తేలింది. బీన్స్‌ల ఐరన్ ఉంటది గానీ అది బిడ్డకు సాలదు. పప్పు, గుడ్డు, తినేటోళ్ళయితే కాలేయం పెట్టుండ్రి. ఆరు నెలలు నిండిన పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక్కో ఎంఎల్ ఐరన్ సిరప్ సర్కారు ఉచితంగ ఇస్తది. ఏఎన్ఎంను అడుగుండ్రి.

న్యూట్రిషన్ చదివిన అమ్మ (విశాఖ)
అందరూ కాయ ఆకారం గురించే మాట్లాడుతున్నారు. చెల్లి అడిగిన మూడో ప్రశ్నే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తోంది. నాలుగు రోజులకే మానేస్తున్న తల్లుల్ని నేను చాలామందిని చూశాను, బాధేస్తుంది.

సరిగ్గా ఈ బీన్స్ మీదే రుచి, వాసనల మీద పరిశోధన చేసే ఫిలడెల్ఫియాలోని మోనెల్ సెంటర్ వాళ్ళు చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. నాలుగు నుంచి ఎనిమిది నెలల పిల్లలు 45 మంది. కొందరికి ఎనిమిది రోజులపాటు రోజూ బీన్స్ గుజ్జు, కొందరికి బీన్స్ పెట్టిన వెంటనే పీచ్ పండు గుజ్జు. ఎనిమిది రోజుల తర్వాత రెండు గుంపులూ మొదటి రోజు కంటే బాగా ఎక్కువ బీన్స్ తిన్నారు. మొహం చిట్లించడం తగ్గింది మాత్రం పండు కూడా తిన్న పిల్లలలోనే. అంటే ఉత్త బీన్స్ తిన్న పిల్లలు మొహం ముడుచుకుంటూనే ఎక్కువ తిన్నారు! చేదు తగిలితే మొహం అలా అవడం పుట్టుకతో వచ్చేదే. "వద్దు" అని బిడ్డ చెప్పేది తల తిప్పుకోవడంతో, నోరు మూసేయడంతో. అప్పుడు ఆపాలి, బలవంతంగా కుక్కకూడదు. మర్నాడు మళ్ళీ రెండు చెంచాలు.

ఉప్పు మాటకొస్తే, 1994లో వచ్చిన మరో అధ్యయనంలో బఠాణీ గానీ బీన్స్ గానీ కొందరు పిల్లలకి ఉప్పుతో, కొందరికి ఉప్పు లేకుండా పదిసార్లు పెట్టారు. అందరూ ఎక్కువ తినడం నేర్చుకున్నారు. అలవాటు చేసింది ఉప్పు కాదు, పదిసార్లు పెట్టడం. మనకి పీచ్ అక్కర్లేదు, బీన్స్ తర్వాత కాస్త బొప్పాయో అరటిపండో చాలు.

భీమవరం అమ్మమ్మ
టీచరమ్మా, విశాఖ అమ్మాయీ, ఉప్పు సంగతి ఒప్పుకుంటున్నాను. కిడ్నీల మాట మాకెవరూ చెప్పలేదు. మొహం చిట్లిస్తే మానేయడం కూడా తప్పేనేమో, మా రెండోవాడు ఈ రోజుకీ బీన్స్ ముట్టడు. కానీ కాయ చేతికివ్వడం ఎనిమిదో నెల దాకా నేను ఒప్పుకోను.

సియాటిల్ నాన్న
ఇవ్వకపోయినా నష్టం లేదండీ. మెదిపి పెట్టినా, చేతికిచ్చినా ఒకటి మాత్రం అందరూ నేర్చుకుని ఉండాలి. బిడ్డ ఓకరిస్తూ, దగ్గుతూ, మొహం ఎర్రబడి శబ్దం చేస్తుంటే పక్కనే ఉండి చూడండి, తనే బయటకి తోసేస్తుంది. శబ్దం ఆగిపోయి, ఏడవలేక, పెదాలు నీలంగా మారితే అది అడ్డం పడటం. వెంటనే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, భుజాల మధ్య వీపు మీద అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో అయిదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో అయిదుసార్లు నొక్కాలి. ఒకరు ఇది చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కనబడని దాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు, ఇంకా లోపలికి పోతుంది.

ఇద్దరు పిల్లల తల్లి (తిరుపతి)
ఇంకొకటి మర్చిపోయాను. పాలకూర, బీట్‌రూట్‌లో లాగే బీన్స్‌లోనూ నైట్రేట్లుంటాయి. ఆరు నెలలు నిండిన బిడ్డకి దాంతో భయం లేదు, కానీ మెదిపిన గుజ్జు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్టు మీద ఉంచి పెట్టొద్దు. నిలవ ఉంటే అవి నైట్రైట్లుగా మారతాయి, అవి ఎక్కువైతే పసిబిడ్డ రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గుతుంది. అప్పటికప్పుడు చేసుకోండి, లేదా చల్లారగానే ఫ్రీజర్లో పెట్టండి. ఎంగిలి చెంచా పెట్టిన గిన్నెలోది మాత్రం మిగిల్చి దాచొద్దు.

బందరు అమ్మాయి (కూకట్‌పల్లి)
ఈ చర్చంతా నిన్న రాత్రి అత్తయ్యకి చదివి వినిపించాను. అమ్మమ్మ గారి మాటలు రెండుసార్లు చదివించుకున్నారు. ఇవాళ పొద్దున్న రైతుబజారు నుంచి లేత కాయలు ఏరి తెచ్చింది ఆవిడే. నార తీసి, ఇడ్లీ పాత్రలో ఉడికించి, జల్లెడ పట్టకుండా ఉప్పు లేకుండా మెదిపారు. నాలుగు చెంచాలు పెట్టాం. మొదటి చెంచాకి మొహం అలాగే చిట్లించింది, కానీ రెండోదానికి నోరు తెరిచింది. ఆ తర్వాత బొప్పాయి. గింజ తీసిన పట్టీ ఒకటి మావారు చేతికిచ్చారు, అత్తయ్య ఎదురుగా కూర్చుని కళ్ళార్పకుండా చూశారు. పాప దాన్ని కాసేపు చీకి, నలిపి, జుట్టుకి రాసుకుంది. వంటింటి క్యాలెండర్‌లో ఇవాళ్టి తేదీ కింద "బీన్స్ - 5" అని రాసి ఉంది, అత్తయ్య చేతిరాత.

ఒక్క సంగతి మిగిలింది. మామయ్య గారు రోజూ తన కంచంలోని పప్పుచారు వేలితో పాపకి నాకిస్తారు, అందులో మనందరి ఉప్పూ ఉంటుంది. ఆయన మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలో ఎవరైనా చెప్పగలరా?