అప్‌డేట్: నోయ్‌బర్, నోయ్‌బరిన్ ఒక్కరే

సంచార నాటక బృందాన్ని నడిపిన జర్మన్ నటి కారొలీనే నోయ్‌బర్, నోయ్‌బరిన్ వేర్వేరు వ్యక్తులా అని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఆ కాలంలో స్త్రీల ఇంటిపేరు చివర 'ఇన్' చేర్చేవారన్న సూచనే చిక్కు విప్పింది; జర్మన్ అధ్యాపకురాలు ఒకరు దాన్నే ధ్రువీకరించారు. అచ్చుతప్పన్న అనుమానం, అక్కాచెల్లెళ్లేమోనన్న నా ఊహ రెండూ వృథా అయ్యాయి. 1697లో పుట్టి, 1727 నుంచి భర్త యోహాన్‌తో కలిసి లైప్‌జిగ్ కేంద్రంగా బృందాన్ని నడిపి, 1737లో రంగురంగుల అతుకుల అంగీ తొడిగే విదూషకుణ్ణి వేదికపైనే వెళ్లగొట్టి, 1748లో జర్మన్ నాటక రచయిత లెస్సింగ్ తొలి నాటకాన్ని ఆడించి, 1760లో డ్రెస్డెన్ సమీపంలో కన్నుమూసినది ఈవిడే.