ఊరి బోర్ల కొలత ఎవరి చేతిలో ఉండాలి?

వేరుశనగ చేను, అనంతపురం:
మా గ్రామసభలో తెగని ప్రశ్న ఇది. మండలంలో భూగర్భ జల శాఖవాళ్ల పీజోమీటరు, అంటే నీటి మట్టం చూడ్డానికే వేసిన బోరు, ఉంది. అందులోని నీటి మట్టం దానంతటదే ఆఫీసుకు చేరిపోతుంది. "అది ఉండగా మనం టేపులు పట్టుకుని బోర్ల చుట్టూ తిరగడం ఎందుకు?" అని సగం మంది అడిగారు. తిరగాలనే నా వాదన.

2000ల దశకంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో, 638 ఊళ్లలో రైతులే నీళ్లు కొలిచిన ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) ప్రాజెక్టు గుర్తుందా? ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనేవాళ్లు. మా నాన్న అందులో కొలిచేవాడు. పదిహేను రోజులకోసారి మోటారు ఆపి కేసింగ్ పైపులోకి టేపు దించేవాడు. కొస నీళ్లకు తగలగానే పైన బీప్‌మని మోగేది. ఆ అంకె పుస్తకంలోకి, అక్కణ్ణించి రచ్చకట్ట పక్క గోడ మీదికి ఎక్కేది. వానాకాలం అయ్యాక అందరూ కూర్చుని, భూమిలోకి ఎంత దిగింది, రబీలో ఎవరు ఏం వేస్తారు అని లెక్క కట్టేవాళ్లు. నీళ్లు చాలవని తేలితే కొందరు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లేవాళ్లు. ఎవరూ జరిమానా వెయ్యలేదు. ఆఫీసు కంప్యూటర్లో ఉండిపోయే అంకె ఈ పని చేయగలదా?

మూసీ అవతల, నల్గొండ:
అన్నా, మీ నాన్నగారి మీద గౌరవంతోనే కాదంటున్నాను. మట్టం నలభై అడుగులు దిగిపోయిందని గోడ మీద చదివితే నాకు పుట్టే ఆలోచన ఒక్కటే, పక్క చేను వాళ్ల కంటే ముందు నేను లోతుకు వెయ్యాలి. మా ఇంట్లో అదే జరిగింది. మూడు బోర్లు వేశాం, రెండు దుమ్మే లేపాయి. ఆ అప్పు ఇంకా తీరలేదు. కొలిస్తే సరిపోదు, కట్టడి కావాలి. నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, ఊరి మంచినీళ్ల బోరుకు 250 మీటర్ల లోపు వెయ్యకూడదు అని అందులో ఉంది. చీకటి పడ్డాక రిగ్గు లారీ వచ్చి తెల్లారేసరికి వెళ్లిపోతుంటే ఆ చట్టం ఎవరిని ఆపింది?

భూగర్భశాస్త్రం టీచర్, తిరుపతి:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. మన కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు చెరువులా నిలిచి ఉండవు, రాతి పగుళ్లలో ఉంటాయి. అందుకే రిగ్గువాళ్లు "గ్యాపు తగిలింది" అంటారు. యాభై గజాల దూరంలో ఉన్న రెండు బోర్లలో ఒకటి పోస్తుంది, ఒకటి పొడిగా ఉంటుంది. మండలానికి ఒక పీజోమీటరు ఈ ఏడాది పోకడ చెబుతుంది, మీ చేను సంగతి చెప్పదు. అది తెలియాలంటే మీ బోరే కొలవాలి.

ఇక లెక్క చూడండి. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్లు. అనంతపురంలో ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు పడుతుంది. రాతి నేలలో పదో వంతు కిందికి దిగిందనుకుంటే ఎకరానికి 2.2 లక్షల లీటర్లు. బోరు కింద ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్లు, అంటే 48 లక్షల లీటర్లు కావాలి. ఒక ఎకరం వరి ఇరవై ఎకరాలకు పైగా భూమి దాచుకున్న వానను తాగేస్తోంది. వేరుశనగకు ఇందులో సగం కూడా అక్కర్లేదు. ఈ లెక్క పిల్లలతో పలక మీద వేయించినప్పుడు ఒక అమ్మాయి "మరి ఆ మిగతా ఎకరాలు ఎవరివి టీచర్?" అని అడిగింది. నాకు మాట రాలేదు.

మైదుకూరు పసుపు:
లెక్క బాగానే ఉంది మేడమ్. అది ఎవరికి చేరుతుందన్నదే నా భయం. 2004 నుంచి ఉచిత కరెంటు మీద బతుకుతున్నాం. మొన్నటికి మొన్న మోటార్లకు మీటర్లు అన్నప్పుడు ఊరూరా ఎంత టెన్షన్ పడ్డామో తెలుసు కదా. ఏ బోరు ఎంత పోస్తుందో మనమే రాసి ఇస్తే, రేపు కరెంటుకు కోత పెట్టడానికి అదే ఆధారం అవుతుంది. కొలవండి, కానీ పుస్తకం ఊరు దాటకూడదు.

వేరుశనగ చేను, అనంతపురం:
నల్గొండ తమ్ముడూ, నీ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ప్రాజెక్టు అయిపోయాక వెళ్లి చూసిన పరిశోధకులు చాలాచోట్ల రైతు కమిటీలు పనిచెయ్యడం లేదనే రాశారు. మా ఊళ్లోనూ అంతే. టేపు వైరు తెగింది, బాగుచేయించే డబ్బు ఎవరిదో తేలలేదు, గోడ మీద సున్నం కొట్టేశారు. కాబట్టి కట్టడి కావాలి, ఒప్పుకుంటున్నాను. అయితే అది ఊరు పెట్టుకున్నదై ఉండాలి. మహారాష్ట్రలో హివరే బజార్ అనే ఊరు సాగుకు బోర్లే వద్దనుకుంది. ఏటా గ్రామసభలో నీటి లెక్క చూసుకునే పంటలు ఎంచుకుంటారు. కొలత, కట్టడి రెండూ ఒకే సభలో ఉన్నాయి కనుకే అక్కడ నిలబడింది.

పసుపు అన్నా, బోరువారీ పుస్తకం పంచాయతీలోనే ఉండేలా, బయటికి ఊరి మొత్తం అంకె మాత్రమే వెళ్లేలా తీర్మానం రాస్తున్నాం. టేపు మరమ్మతుకు బోరుకు వంద చొప్పున వేసుకుంటున్నాం.

మైదుకూరు పసుపు:
తీర్మానం కాపీ ఇక్కడ పెట్టండి. చదివాకే మాట్లాడతాను. నా భయం ఇంకా పోలేదు.

మూసీ అవతల, నల్గొండ:
కట్టడి తప్పినవాళ్లను ఏం చేస్తారో కూడా అందులో రాయండి అన్నా. అది లేకపోతే నేను ఒప్పుకోను. ఈ పొద్దు మా బోరు దగ్గర 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఫోన్లో టైము చూశాను. నిండడానికి 140 సెకన్లు పట్టింది. పోయిన ఏడు ఇదే నెలలో 95. అమ్మ పక్కనే నిలబడి చూసింది. నారు పోద్దామా వద్దా అని అడుగుతోంది.