‘ఇంటీన్’ని తెలుగులో ఏమందాం?

అనువాదకురాలు:
అందరికీ నమస్కారం. ఒక సైన్స్ వ్యాసం తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. ఆ మాట ‘ఇంటీన్’. ‘ఇంటర్నల్’, ‘ప్రోటీన్’ కలిపి 1994లో కట్టిన పేరు. నేను ‘అంతర ప్రోటీను’ అని రాస్తే ప్రూఫ్ చూసేవారు పక్కన ప్రశ్నార్థకం పెట్టి వెనక్కి పంపారు. వారి అనుమానమూ సబబే. లోపల ఉండే ప్రోటీన్లు వెయ్యి ఉంటాయి, ఇది ఉండేది కాదు, పోయేది.

సంగతి చెబుతాను. మనం రొట్టెలకు వాడే ఈస్టులో ప్రోటాన్లను తోడే ఒక పంపు ఉంది. దాని భాగం ఒకటి తయారుచేసే జన్యువును 1990లో జపాన్‌లో ఒక బృందం, అమెరికాలో ఒక బృందం చదివాయి. జన్యువు లెక్క ప్రకారం 1071 అమైనో ఆమ్లాల గొలుసు రావాలి. కణంలో దొరికిన ప్రోటీను చూస్తే 617 మాత్రమే. మధ్యలోని 454 తమను తామే కోసుకుని బయటికి వచ్చేశాయి, అటు 283, ఇటు 334 అతుక్కుపోయాయి. కత్తెర పట్టినవాళ్లు లేరు, జిగురు రాసినవాళ్లు లేరు. ఇంత పని ఒక్క మాటలో రావాలి. సాయం చేయండి.

సరదా సభ్యుడు:
పేరులోనే ఉంది కదండీ మేడమ్. ఇంటీన్ అంటే ఇంటిదొంగ! ఈశ్వరుడు కూడా పట్టలేడు.

పద్యాల పిచ్చి ఉన్నాయన:
నవ్వులకేం గానీ అమ్మా, మనకు దీనికి దగ్గర ఆట ఒకటుంది, చ్యుతకం. ‘కలవరం’ తీసుకోండి. నడుమ ‘లవ’ జారిపోతే మిగిలేది ‘కరం’. ‘మకరందం’లో ‘కరం’ జారితే ‘మదం’. జారినదానికీ అర్థం ఉండాలి, మిగిలినదానికీ ఉండాలి, అప్పుడే మజా. మీ 454 కూడా ఊరికే చెత్త కాదు కదా? అయితే చ్యుతకంలో అక్షరాన్ని తీసేది పృచ్ఛకుడో కవో. తనంతట తను జారదు. అందుకని నా ఓటు ‘ప్రక్షిప్తం’కి. కవి రాయకపోయినా కావ్యం మధ్యలో వచ్చి కూర్చున్న పద్యం. మకుటం ఒకటి తగిలిస్తే చాలు, ఎవడు రాసినదైనా వేమన ఖాతాలో పడినట్టు.

బయాలజీ లెక్చరర్:
పెద్దాయన ఊరికే అన్నారో తెలిసి అన్నారో గానీ, ప్రక్షిప్తం అన్న మాట చాలా లోతుకు వెళ్లింది.

ముందు ‘చెత్త కాదు కదా’ అన్నదానికి జవాబు. కాదు. ఆ 454లో రెండు పనులున్నాయి. ఒకటి తన్ను తాను కోసుకోవడం. ముక్క మొదట్లో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ముందరి గొలుసును పట్టుకుంటుంది, తర్వాత దాన్ని ముక్క దాటిన వెంటనే ఉన్న ఇంకో సిస్టీన్‌కి అందిస్తుంది. ముక్క చివర్లో ఉన్న ఆస్పరజిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తన మీదికి తానే వంగి తెగిపోతుంది. అంతే, ముక్క విడివడుతుంది, మిగిలిన రెండు కొసలు మామూలు బంధంతో ఒకటవుతాయి. కణానికి ఇంధనంలాంటి ఏటీపీ ఖర్చు కూడా లేదు.

రెండో పని అసలు మాయ. ఈస్టు ఇంటీన్‌లోనే డీఎన్‌ఏను కోసే ఎంజైము ఒకటి ఉంది. సుమారు 31 అక్షరాల పొడవున్న ఒక ప్రత్యేకమైన చోటును గుర్తుపట్టి అక్కడే కోస్తుంది. ఆ చోటు ఏదనుకున్నారు? ఇదే జన్యువు, కాకపోతే ఇంటీన్ లేని ప్రతి. ఉన్న ప్రతిలో ఇంటీన్ వచ్చి నడుమ కూర్చుంది కాబట్టి గుర్తు చెదిరిపోయింది, దానికి కోత లేదు. తెగిన ప్రతిని బాగుచేసుకోవడానికి కణం పక్కనున్న ప్రతిని చూసి రాసుకుంటుంది. ఆ పక్కప్రతిలో ఇంటీన్ ఉంది. ఇంకేముంది, ఇందులోకీ వచ్చేస్తుంది.

పెద్దాయన భాషలో చెప్పాలంటే, తాళపత్రంలో చెద తిన్న చోట లేఖకుడు ఇంకో ప్రతి చూసి పూరిస్తాడు కదా, అలా పూరిస్తూ ప్రక్షిప్త పద్యాన్ని కూడా ఎక్కించేస్తాడు. తేడా ఒక్కటే. ఈ ప్రక్షిప్తం చెదపురుగును కూడా తనే వెంటబెట్టుకు వస్తుంది.

పద్యాల పిచ్చి ఉన్నాయన:
ఆహా! ఈ ఒక్క వాక్యానికి వంద వేసుకోండి మాష్టారూ. మరి అన్ని ప్రతుల్లోకీ ఎక్కేశాక ఏం చేస్తుంది?

బయాలజీ లెక్చరర్:
పని లేకుండా పోతుంది. కోయడానికి ఖాళీ చోటే మిగలదు. ఇక కోసే ఎంజైము పాడైనా పట్టించుకునే నాథుడు లేడు. తరాలు గడిచేకొద్దీ అది శిథిలమైపోయి, కొన్నిచోట్ల మొత్తంగా రాలిపోయి, బుల్లి ఇంటీన్లు మిగులుతాయి. తన్ను తాను కోసుకునే భాగం మాత్రం పాడవడానికి వీల్లేదు. అది తప్పిందా, ఆ ప్రోటీను పనిచేయదు, సూక్ష్మజీవి బతకదు. చూడండి తెలివి, ఇంటీన్లు ఎక్కువగా దూరేది తప్పనిసరి ప్రోటీన్లలోనే, అందులోనూ కీలకమైన చోట. పూర్తిగా వదిలించుకోవాలంటే అక్షరం పొల్లుపోకుండా తీసేయాలి. అదీ అరుదుగా జరుగుతుంది. జరిగితే చోటు మళ్లీ ఖాళీ, మళ్లీ ఎవరో వచ్చి దూరవచ్చు. చక్రంలా తిరుగుతూ ఉంటుంది.

క్షయ బాక్టీరియా చూడండి. డీఎన్‌ఏను బాగుచేసే రెక్‌ఏ ప్రోటీను అందులో 790 అమైనో ఆమ్లాల గొలుసుగా పుడుతుంది, అందులో 440 ఇంటీనే. కుష్ఠు బాక్టీరియా రెక్‌ఏలోనూ ఇంటీన్ ఉంది, కానీ వేరే చోట. వాటి చుట్టమే అయిన మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్ రెక్‌ఏలో అసలు లేదు. తాతల ఆస్తి పంచుకున్నట్టు లేదిది. ఒక్కో ఇంట్లోకి ఒక్కోసారి జొరబడినట్టుంది.

వ్యాకరణం పాఠాలు చెప్పే ఆవిడ:
మీరంతా ప్రక్షిప్తం దగ్గర ఆగిపోయారు. ప్రక్షిప్తం తనంతట తను పోదు కదా, పరిష్కర్త వచ్చి తీయాలి. తనకు తానుగా పోయేదానికి వ్యాకరణంలో ఏనాడో పేరుంది, ‘ఇత్తు’.

బడిలో టుగాగమం చదివాం కదా? నిలువు, అద్దం కలిస్తే నిలువుటద్దం. వచ్చింది ఒక్క ‘ట్’. మరి దాన్ని ‘టుక్’ అని ఎందుకన్నారు? ‘ఉ’ నోరు తిరగడానికి. చివరి ‘క్’ ఒక గుర్తు. క్ ఉంటే ఈ ఆగమం ముందు మాటకు చివర చేరాలని అర్థం. అదే ట్ గుర్తుగా ఉంటే మొదట చేరాలి. ఆ సంగతి చెప్పాక క్ లోపిస్తుంది. ఇలా గుర్తుగా వచ్చి పోయే అక్షరమే ఇత్తు. పాణిని ఒక్క సూత్రంలో తేల్చాడు, ‘తస్య లోపః’. పద్యంలో, మాటలో ఎక్కడా మీకు ఆ క్ వినబడదు. సూత్రంలో ఉంటుంది, ప్రయోగంలో ఉండదు. మీ ఇంటీన్ జన్యువులో ఉంటుంది, ప్రోటీనులో ఉండదు. ఇంతకన్నా ఏం కావాలి?

మహబూబ్‌నగర్ సభ్యుడు:
మేడం, మా దిక్కు ఇత్తు అంటే గింజ. ఇత్తనాలు, ఇత్తులు అంటం. ఒక చేన్లకెళ్లి ఇంకో చేన్ల పడి మొలిచేదాన్ని ఇత్తు అంటే తప్పేంది? రెండర్థాలూ సరిపాయె.

బయాలజీ లెక్చరర్:
ఈ ‘ఇత్తు’ నాకు చాలా నచ్చింది, అయినా ఒక్క అభ్యంతరం. వ్యాకరణంలో ఇత్తు సూత్రకారుడి పని చేసిపెట్టి పోతుంది. ఇంటీన్ ఎవరి పనీ చేయనక్కర్లేదు, తన సంతతి చూసుకుంటే చాలు. తప్పుకోవడం కూడా మర్యాద కోసం కాదు, ఆశ్రయమిచ్చిన కణం చస్తే తనూ చస్తుంది కాబట్టి. అందుకని జన్యువులో అది ప్రక్షిప్తం, ప్రోటీనులో ఇత్తు. రెండూ ఒక్క మాటలో ఇమడవేమో.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. సినికోసిస్టిస్ అనే సయనోబాక్టీరియాలో ఒక ఇంటీన్ రెండుగా చీలిపోయి ఉంది. 123 అమైనో ఆమ్లాల ముక్క ఒక జన్యువులో, 36 ముక్క ఇంకో జన్యువులో. ఆ రెండు జన్యువుల మధ్య 7 లక్షల అక్షరాలకు పైగా దూరం. రెండు ముక్కలూ వేర్వేరుగా తయారై, కణంలో ఒకదాన్నొకటి వెతుక్కుని, ముడిపడి, తమవైపు ప్రోటీన్లను అతికించి తప్పుకుంటాయి. దీన్ని 1998లో కనుక్కున్నారు. దీనికి వ్యాకరణంలో పేరుందా అమ్మా?

వ్యాకరణం పాఠాలు చెప్పే ఆవిడ:
రేపు చెబుతాను. ఇవాళ పేపర్లు దిద్దాలి.

అనువాదకురాలు:
అందరికీ ధన్యవాదాలు. వ్యాసంలో ‘ఇంటీన్’ అనే ఉంచుతున్నాను, పిల్లలు రేపు ఎక్కడ వెతికినా ఆ మాటే దొరకాలి కదా. మొదటిసారి వచ్చిన చోట ‘ప్రోటీనులో నిలవని ఇత్తు’ అని ఒక ముక్క చేర్చాను. చెదపురుగు పోలిక మాష్టారి అనుమతితో వాడుకుంటున్నాను. ఇంటీన్ పోగా మిగిలే భాగాలను ‘ఎక్స్‌టీన్’ అంటారట, దానికి పేరు వెతకడం మానేశాను. రెండు ముక్కలూ అతికాక అది పంపులో ఒక భాగం, అంతే.

ప్రూఫ్ మళ్లీ వచ్చింది. ఈసారి ప్రశ్నార్థకం పేరు మీద కాదు, 454ని 445 అని కొట్టానట.

సరదా సభ్యుడు:
9 ముక్కలు ఎవరో ఎత్తుకెళ్లారు మేడమ్. నేను ముందే చెప్పాను, ఇంటిదొంగ అని.