కరెంటు (రేడియేషన్) కూడా అయిపోయింది, మనసు మాత్రం లేవడం లేదు. ఈ మాత్ర వేసుకోవచ్చా?

మదనపల్లె ఆడపడుచు (కె.ఆర్.పురం, బెంగళూరు) – రాత్రి 11:50

అందరికీ నమస్కారం. నాకు 44 ఏళ్ళు. మాది మదనపల్లె, పదహారేళ్ళుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా ఆయనకు చిన్న కిరాణా అంగడి ఉంది. బాబు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం.

పోయిన ఏడాది సంక్రాంతికి ముందు స్నానం చేస్తుంటే ఎడమ పక్క చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. రొమ్ము క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్‌లో రొమ్ము మొత్తం తీసేశారు. తర్వాత ఎనిమిది కీమోలు ఎక్కించారు, మొదటి నాలుగూ ఆ ఎర్ర మందు. ఆ తర్వాత పదిహేను సార్లు కరెంటు పెట్టారు. దసరాకు అన్నీ అయిపోయాయి. ఇప్పుడు జబ్బు మళ్ళీ రాకుండా రోజూ రాత్రి టామోక్సిఫెన్ 20 ఎంజీ మాత్ర ఒకటి, అంతే. జుట్టు కూడా చెవుల దాకా వచ్చింది. అందరూ "గట్టెక్కావు తల్లీ, ఇంకేం భయం" అంటున్నారు.

నిజం చెప్పాలంటే కీమో జరిగినన్నాళ్ళు నేను బాగానే ఉన్నాను. ఈ మూడు వారాలు దాటాలి, మళ్ళీ రక్తం చూపించాలి, మళ్ళీ వెళ్ళాలి, ఇదే ధ్యాస. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. మా అమ్మ నాలుగు నెలలు ఇక్కడే ఉంది. దీపావళికి అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పటినుంచి మొదలైంది ఇది.

తెల్లవారుజామున మూడింటికి ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి మెలకువ వస్తుంది. పాల వ్యాను శబ్దం వినబడేదాకా కళ్ళు తెరుచుకుని పడుకుంటాను. పొద్దున లేవాలంటే కాళ్ళు మంచానికి కట్టేసినట్టుంటుంది. నాకిష్టమైన ఉలవచారు చేసినా నోట్లో మట్టి పెట్టుకున్నట్టే. ఏడుపు కూడా సరిగా రాదు. మా ఊళ్ళో ఎండిపోయిన బోరుకు మోటారు వేస్తే శబ్దం వస్తుంది గానీ నీళ్ళు రావు చూడండి, లోపల అలా ఉంటుంది.

మధ్యాహ్నాలు నేనే అంగట్లో కూర్చునేదాన్ని. లెక్కల్లో నన్ను మించినవాళ్ళు లేరనేవారు మా ఆయన. మొన్న ఒకామె 340 రూపాయల సరుకు తీసుకుని ఐదు వందల నోటిచ్చింది. నేను 260 తిరిగిచ్చాను. ఆమె మంచిది కాబట్టి వంద వెనక్కిచ్చేసింది. ఆ రోజు నుంచి అంగట్లోకి వెళ్ళడం మానేశాను.

ఇంకోటి చెప్పాలి. వచ్చే నెల మాఘంలో మా ఆడబిడ్డ కూతురి పెళ్ళి. జాకెట్టు కుట్టించుకోవడానికి ఎప్పుడూ వెళ్ళే టైలరు దగ్గరికే వెళ్ళాను. ఆవిడ ఎప్పటిలాగే "కొలత జాకెట్టు తెచ్చారా అక్కా?" అంది. సంచిలోంచి పాత జాకెట్టు తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని చేత్తో సాపు చేసి ఎడమ కప్పు దగ్గర టేపు పెట్టి రాసుకుంటోంది. అది ఇప్పుడు నా కొలత కాదని చెప్పాలి. నోరు పెగల్లేదు. "మళ్ళీ వస్తా" అని జాకెట్టు లాక్కుని వచ్చేశాను. గుడ్డ అక్కడే మర్చిపోయాను. నేరేడు రంగు గుడ్డ, చీరకు అంచు కలిపి మరీ ఏరుకున్నది. పది రోజులైంది, తెచ్చుకోవడానికి కాళ్ళు రావడం లేదు.

చచ్చిపోవాలని లేదు. కానీ రాత్రి పడుకునేటప్పుడు, పొద్దున మెలకువ రాకపోతే బాగుండు అనిపిస్తోంది. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇంకొకటీ చెప్పలేదు. వారంలో రెండు మూడు రోజులు టామోక్సిఫెన్ వేసుకోవడం లేదు. మర్చిపోయి కాదు, ఎందుకులే అనిపించి.

మా అత్తగారేమో "ధైర్యంగా ఉంటేనే ఆ జబ్బు మళ్ళీ రాదు, ఇలా దిగులు పెట్టుకుంటే పిలిచి తెచ్చుకున్నట్టే" అంటారు. ప్రేమతోనే అంటారు. ఆ మాట విన్నప్పటినుంచి దిగులు పడినందుకు ఇంకో దిగులు.

చివరికి మా వీధిలో డాక్టరుకు నిద్ర పట్టడం లేదని చూపించుకుంటే ఫ్లూయాక్సెటిన్ అని డిప్రెషన్‌కు వాడే మాత్ర రాశారు. నేను వేరే ఏం మందులు వాడుతున్నానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. స్ట్రిప్పు తెచ్చి డబ్బాలో పెట్టాను, ఇంకా వేసుకోలేదు. వేసుకోవచ్చా? అసలు ఇది జబ్బేనా, లేక నేనే మెత్తబడిపోయానా?

---

మందుల చీటీ – ఉదయం 7:15

అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు. దయచేసి ఆ ఫ్లూయాక్సెటిన్ మొదలుపెట్టకండి. మీ క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడేదాకా ఆగండి. నేను డాక్టర్ని కాదు, ఒక క్యాన్సర్ ఆస్పత్రి ఫార్మసీలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను.

వడ్లు దంచితేనే బియ్యం అవుతాయి కదా. టామోక్సిఫెన్ కూడా అంతే, మింగినదాన్ని లివర్ మార్చాలి. అలా మారగా వచ్చే ఎండాక్సిఫెన్‌దే అసలు పని. ఆ దంచే పని ఎక్కువగా సివైపి2డి6 అనే ఎంజైమ్ చేస్తుంది. ఫ్లూయాక్సెటిన్, పారోక్సెటిన్, బ్యుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందులు ఆ రోకలిని పట్టుకుని ఆపుతాయి. అందుకే టామోక్సిఫెన్ వాడేవాళ్ళకు ఈ మూడూ వద్దంటారు. పారోక్సెటిన్‌తో కలిపి ఎక్కువకాలం వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు పెరిగాయని కెనడాలోని ఒంటారియోలో చేసిన పరిశోధన 2010లో వచ్చింది. తర్వాత కొన్ని పరిశోధనల్లో అంత తేడా కనబడలేదు. అయినా ఇబ్బంది లేని మందులు చేతిలో ఉండగా ఆ రిస్కు ఎందుకు?

వెన్లాఫాక్సిన్, ఎసిటాలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందులు ఆ ఎంజైమ్‌కు చాలా తక్కువగా అడ్డుపడతాయి. పైగా వెన్లాఫాక్సిన్‌తో మీరు చెప్పిన ఆవిర్లు కూడా తగ్గుతాయి. అయితే బీపీ చూసుకోవాలి. ఏది మీకు సరిపోతుందో డాక్టరే చెప్పాలి. ఇది చదివే వేరే వాళ్ళెవరైనా ఇప్పటికే ఫ్లూయాక్సెటిన్ వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపేయకండి, అడిగి మార్చుకోండి.

రెండో సంగతి. ఇది జబ్బే. రెండు వారాలకు మించి దేనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్ర చెడడం, ఏకాగ్రత పోవడం, లేవకపోతే బాగుండుననుకోవడం, ఇవన్నీ డిప్రెషన్ లక్షణాలు. డిప్రెషన్ ఎంతుందో కొలవడానికి తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 కాగితం ఒకటి ఉంటుంది, 27కు ఎంత వచ్చిందో చూస్తారు, ఎంత ఎక్కువొస్తే డిప్రెషన్ అంత ఎక్కువన్నట్టు. అడిగి నింపండి. తొమ్మిదో ప్రశ్న మీరు ఇంట్లో చెప్పని ఆ మాట గురించే, దాని దగ్గర దాచకండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 కూడా ఒకసారి చూపించుకోండి. అవి తగ్గినా నీరసం, దిగులు ఇలాగే ఉంటాయి.

ఏడిస్తే, దిగులుపడితే క్యాన్సర్ తిరిగొస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. దిగులు వల్ల టామోక్సిఫెన్ మానేయడం, అసలు నష్టం అక్కడుంది. ఈ రాత్రే వేసుకోండి. మానేసిన రోజులవి కలిపి రెండేసి మింగవద్దు, మామూలుగా ఒక్కటే.

---

విల్లివాక్కం పెద్దక్క (చెన్నై) – ఉదయం 10:40

చెల్లీ, నువ్వు రాసింది చదువుతుంటే తొమ్మిదేళ్ళ కింద నేను రాయాల్సిన ఉత్తరంలా ఉంది. నాకూ ఎడమ పక్కే. అప్పుడు నాకు 49. మేం మూడు తరాలుగా చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళం.

నాకూ వైద్యం నడిచినన్నాళ్ళు ఏమీ కాలేదు, అయిపోయాకే వచ్చింది. ఆస్పత్రికి వెళ్ళే పనుంటే మనసు దాన్ని పట్టుకుని వేళ్ళాడుతుంది. ఆ పని తీరిపోయాక మనకేం జరిగిందో అప్పుడు తెలిసొస్తుంది. అందరూ పండగ చేసుకునే సమయానికి మనం కూలబడతాం. మెత్తబడిపోవడం కాదమ్మా అది.

నేను అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో చూపించుకునేదాన్ని. ముత్తులక్ష్మి రెడ్డిగారు 1954లో మొదలుపెట్టిన ఆస్పత్రి. అక్కడ మనసు సంగతి చూడ్డానికే సైకో-ఆంకాలజీ అని ఒక విభాగం ఉంది. చెకప్‌కి వెళ్ళినప్పుడు నర్సమ్మ నా ముఖం చూసి అక్కడికి పంపింది. నాకు పిచ్చి అనుకుంటున్నారా అని కోపం వచ్చింది. లోపల కూర్చున్న అమ్మాయి మా రెండో కూతురి వయసుది. రోజుకు ఒకే ఒక్క పని ఒప్పుకోమంది, చేయాలనిపించినా అనిపించకపోయినా. నేను ముగ్గు ఒప్పుకున్నాను.

మొదటి వారం మూడు చుక్కలు. వంగితే చంక కింద లాగేది, చేయి సగం దాకానే చాచేదాన్ని. పిండి వేళ్ళ మధ్య ఆగేది కాదు, గీత తెగిపోయేది. అలాగే వదిలేసి లోపలికి వచ్చి పడుకునేదాన్ని. మూడో వారానికి ఐదు చుక్కలు. దాంతోపాటే మాత్ర కూడా ఇచ్చారు. అది పట్టడానికి నాకు ఐదారు వారాలైంది, మొదటి పది రోజులు వికారం తప్ప ఇంకేం తెలియలేదు. మానేద్దామనుకున్నాను. ధనుర్మాసం వచ్చేసరికి పదిహేను చుక్కల ముగ్గు వేశాను. ఎదురింటి తమిళావిడ వచ్చి పక్కన కూర్చుని రంగు నింపింది.

జాకెట్టు సంగతి. లోపల పెట్టుకునే ప్యాడ్, దానికి జేబు కుట్టిన బాడీ దొరుకుతాయి. ముందు అవి వేసుకుని చూసుకో, ఆ పైన కొలత ఇవ్వు. టైలరుకు నువ్వే చెప్పక్కర్లేదు. మీ ఆడబిడ్డనో అమ్మనో తోడు తీసుకెళ్ళు, ఆవిడ చెప్తుంది. నాకు మా వదిన చెప్పింది. "ఎడమ పక్క ఆపరేషన్ అయింది, కొత్తగా కొలువమ్మా." అంతే, ఒక్క మాట. ఆ టైలరు అసలు తలెత్తి చూడలేదు, టేపు తీసుకుంది.

---

హోసూరు రోడ్డు నుంచి – మధ్యాహ్నం 1:05

అమ్మా, నేను భర్తని. నా భార్యకు బెంగళూరులోని కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రిలో వైద్యం జరిగింది. ఆరు నెలలు నేను ఆమెకు చెప్పిన ఒకే ఒక్క మాట "ధైర్యంగా ఉండు". ఒకరోజు తను అంది, "మీరలా అన్నప్పుడల్లా నేను ఇంకో సంగతి దాచుకోవాల్సి వస్తోంది" అని. ఆ తర్వాత ఆ మాట మానేశాను. ఉత్తినే పక్కన కూర్చుని అడిగేవాణ్ణి, ఈ రోజు ఎలా ఉంది అని. ఏం చెప్పినా సరిదిద్దకుండా వినడం నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

మీ ఆయనకు చెప్పండి. నోటితో చెప్పలేకపోతే ఇక్కడ రాసింది చూపించండి. పొద్దున లేవకపోతే బాగుండు అన్న వాక్యం కూడా.

కిద్వాయ్ పక్కనే నిమ్హాన్స్ అని మానసిక వైద్యం చేసే ఆస్పత్రి ఉంది, నడిచి వెళ్ళేంత దూరం. ఆంధ్ర నుంచి చాలామంది వస్తారు, తెలుగు అర్థమయ్యేవాళ్ళు దొరుకుతారు. అంతదాకా వెళ్ళే ఓపిక లేకపోతే మనసు బాధలకు సాయం చేసే టెలి మానస్‌ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, 14416. ప్రభుత్వానిది, డబ్బులక్కర్లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. తెల్లవారుజామున మూడింటికి కూడా చేయొచ్చు. లేవకపోతే బాగుండు అన్నది ఏదో ఒకటి చేసుకుందాం అన్నదాకా వెళ్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అప్పుడే మీ ఆయన్ని లేపి, ఆస్పత్రికి వెళ్ళండి.

---

మదనపల్లె ఆడపడుచు – 23 రోజుల తర్వాత, సాయంత్రం 6:30

అందరికీ దండాలు. ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి.

ఆ రాత్రే మా ఆయనకు ఫోన్ ఇచ్చి చదవమన్నాను. అంగడి మూసొచ్చి ఇంకా అన్నం కూడా తినలేదు ఆయన. రెండుసార్లు చదివారు. ఏమీ అనలేదు. లేచి మందుల డబ్బాలోంచి టామోక్సిఫెన్ తీసి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చారు. నేను మింగేదాకా అక్కడే నిలబడ్డారు. అప్పటినుంచి రోజూ అంతే.

ఫ్లూయాక్సెటిన్ స్ట్రిప్పు పట్టుకెళ్ళి క్యాన్సర్ డాక్టరుగారికి చూపించాం. వేసుకోకపోవడం మంచిదైందన్నారు. ఆయనే సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. ఆ తొమ్మిది ప్రశ్నల్లో నాకు 17 వచ్చింది. వెన్లాఫాక్సిన్ చిన్న డోసుతో మొదలుపెట్టారు, ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. హిమోగ్లోబిన్ కూడా తక్కువే ఉంది, దానికీ మందిచ్చారు. పెద్దక్క చెప్పినట్టే మొదట్లో వికారం. ఆవిర్లు మాత్రం సగానికి తగ్గాయి, తెల్లవారి ఐదు దాకా పడుకుంటున్నాను. మనసు ఇంకా బరువుగానే ఉంది. ఉలవచారు రుచి తెలిసింది ఒకరోజు, మర్నాడు మళ్ళీ లేదు.

పెళ్ళికి ఆ జాకెట్టు అందలేదు, పాత నల్ల జాకెట్టు మీద కొంగు కప్పుకుని వెళ్ళొచ్చాను. కానీ నిన్న మా ఆడబిడ్డ నాతో టైలరు దగ్గరికి వచ్చింది. నేరేడు రంగు గుడ్డ మడత పెట్టి, పైన నా పేరు రాసిన చీటీ గుచ్చి ఉంచింది ఆవిడ. మా ఆడబిడ్డ నోరు తెరవబోతుంటే నేనే చెప్పాను. వచ్చే గురువారం ఇస్తానంది. డాక్టరు దగ్గరికి మళ్ళీ రమ్మన్నదీ గురువారమే, వచ్చేటప్పుడు తెచ్చుకుంటాను.