అప్‌డేట్: నాన్నగారికి మూడింటికే మెలకువ

బ్యాంకులో పనిచేసే మా నాన్నగారికి (58) మార్చి క్లోజింగ్ నుంచి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, నిద్రమాత్ర వాడొచ్చా అని అడిగాను కదా. ముందు డాక్టరుకి చూపించమన్నవాళ్లకి థాంక్స్. బీపీ రెండుసార్లూ 150 దాటింది, దానికి మాత్ర మొదలుపెట్టారు. వయసుతో గాఢనిద్ర ఎలాగూ తగ్గుతుందట, దానికి ఆఫీసు టెన్షన్ తోడైతే మధ్యలో లేచాక మళ్లీ కన్ను అంటుకోదట. సాయంత్రం కాఫీ మాన్పించారు, కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుందని.

అసలు దొంగ మాత్రం ఫోన్! రాత్రి పదకొండింటికి కూడా రికవరీ టార్గెట్ల వాట్సాప్ మెసేజీలే. ఇప్పుడు తొమ్మిదికల్లా మ్యూట్ చేసి హాల్లో పెట్టేస్తున్నారు ("మేనేజర్ ఏమనుకుంటాడో" అని వారం రోజులు గొణిగారు లెండి). వారంలో నాలుగు రోజులైనా అయిదింటిదాకా పడుకుంటున్నారు. గురక కూడా ఉంది, దాని సంగతి ఇంకా తేలలేదు, స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష) వచ్చే సోమవారం.