ప్రభువును "ఎదుర్కొనుట" అంటే తలపడుడా, ఎదురుకోళ్లా?

పరకాల నుంచి ప్రశ్న:
అందరికీ వందనాలు. 1 థెస్సలొనీకయులకు 4:17లో "ప్రభువును ఎదుర్కొనుటకు ఆకాశమండలమునకు మేఘములమీద కొనిపోబడుదుము" అని ఉంది కదా. ఇది చదవంగనే యూత్ పిల్లలు బిక్కమొహం పెడుతున్నరు. వాళ్లకు తెలిసిన ఎదుర్కోవడం ఒకటే: కరువును ఎదుర్కొన్నరు, కేసును ఎదుర్కొంటున్నరు. "దేవుణ్ని మనమెట్ల ఎదుర్కొంటం?" అని అడుగుతున్నరు. దీనికి తోడు ఫోన్ల నిండా యుద్ధాల వీడియోలు, "అంత్యదినాలు వచ్చేసినై" అనే మెసేజులు. ముందు మాట తేలితే మిగిలింది చెప్పుడు అల్కగైతది. తెలిసినోళ్లు రాయండి.

హన్మకొండ:
మాట తప్పు కాదు, మన వాడుక మారింది. ఎదురు, కొను కలిసి ఎదురుకొను, అదే ఎదుర్కొను. వచ్చేవారికి ఎదురుగా పోయి వారిని కలుసుకోవడం దాని అర్థాల్లో ఒకటి, తలపడటం ఇంకొకటి. రెండూ పాతవే. పేపర్లు, టీవీలు రెండోదాన్నే రోజూ వాడి మొదటిదాన్ని మూలకు నెట్టాయి. "విచారణను ఎదుర్కొంటున్న నిందితుడు" అని పొద్దున చదివినవాడికి, ఆదివారం గుడిలో అదే క్రియ వినగానే బోను గుర్తుకొస్తే వాడి తప్పేముంది?

అయితే మొదటి అర్థం చచ్చిపోలేదు. మన పెళ్లిళ్లలో బతికే ఉంది. మగపెళ్లివారు వచ్చి ఊరి పొలిమేరలో ఆగితే ఆడపెళ్లివారు డప్పులతో ఎదురుపోయి, బొట్టు పెట్టి, పానకం ఇచ్చి, విడిదింటికి తీసుకొస్తారు. దాన్ని ఏమంటాం? ఎదురుకోళ్లు. భద్రాచలంలో రాములవారి కల్యాణానికి ముందురోజు జరిగేది కూడా ఎదుర్కోలే. ఆ పూట ఎవరూ ఎవరితో తలపడరు.

డోర్నకల్:
సారు చెప్పిన పెళ్లి అర్థం బైబిల్లోనే నేరుగా ఉన్నది. మత్తయి 25:1 చూడండి: పదిమంది కన్యకలు దివిటీలు పట్టుకొని "పెండ్లికుమారుని ఎదుర్కొనుటకు" బయలుదేరిన్రు. మట్టలాదివారం చదివే యోహాను 12:13లో జనం ఖర్జూరపు మట్టలు పట్టుకొని యేసును "ఎదుర్కొనబోయి" జయం పలికిన్రు. మూల గ్రీకులో ఇవన్నీ ఒకే కుదురు మాటలు: అపాంతేసిస్, హుపాంతేసిస్. ఒక పెద్దమనిషో, అధికారో వస్తుంటే పట్నపోళ్లు బయటికి పోయి స్వాగతం చెప్పుడుకు ఆ కాలంల వాడిన మాటలు.

నాకు అన్నిట్లకు బాగా నచ్చేది అపొస్తలుల కార్యములు 28:15. పౌలు ఖైదీగా రోమాకు పోతుండు. సంగతి విని అక్కడి సహోదరులు "అప్పీయా సంతపేటవరకును త్రిసత్రములవరకును మమ్మును ఎదుర్కొనుటకు వచ్చిరి." త్రిసత్రాలు రోమాకు దాదాపు 50 కిలోమీటర్లు, అప్పీయా సంతపేట ఇంకా అవతల, 60 దాటి. అంటే హన్మకొండోళ్లు కరీంనగర్ దాకా ఎదురుపోయినంత. వాళ్లను చూసి పౌలు ఏం జేసిండు? "దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి ధైర్యము తెచ్చుకొనెను." ఎదుర్కొనుట అయినంక ధైర్యం వచ్చింది చూడండి, భయం కాదు.

పెళ్లి పోలికల ఇంకో సంగతి దాగి ఉన్నది. ఎదురుపోయినోళ్లు పొలిమేర కాడనే ఉండిపోరు, వచ్చినోళ్లను వెంటబెట్టుకొని ఊళ్లెకొస్తరు. అందుకే ఈ వచనం పరలోకానికి తీసుకపోవుడు గురించి కాదు, దిగి వచ్చే రాజుకు ఎదురుపోవుడు గురించి అని కొందరు పండితులు అంటరు. కాదు, శ్రమకాలానికి, అంటే అంతానికి ముందొచ్చే గొప్ప కష్టాలకు, ముందే సంఘం (విశ్వాసులంత) పరలోకానికి ఎత్తబడుతదని ఇంకొందరు. ఈ రెండో బోధ ఇప్పుడున్న రూపంల 1830ల డార్బీ అనే బ్రదరన్ బోధకుని బోధతోటి మొదలై, 1909ల వివరణలతోటి అచ్చయిన స్కోఫీల్డ్ బైబిల్ తోటి లోకమంత పాకింది. మన దిక్కు బ్రదరన్, పెంతెకొస్తు సంఘాల్ల ఇదే ఎక్కువ వినబడుతది. వచనం మాత్రం మేఘాల తర్వాత దారి చెప్పకుండ ఒకటే అంటది: "కాగా మనము సదాకాలము ప్రభువుతో కూడ ఉందుము." పంచాయితీ ఎట్లనన్న తెగనీ, పిల్లలకు ఈ వాక్యం దగ్గర ఆగుడు నేర్పాలె.

మంచిర్యాల:
మాట మంచిగనే ఉన్నది గని, ఒకదిక్కే చూస్తున్నరు. 1 సమూయేలు 17:48ల దావీదు గొల్యాతును ఎదుర్కొనుటకు ఉరికిండు. ఆడ బొట్టు లేదు, పానకం లేదు, వడిసెల ఉన్నది. మరి బైబిల్ తెలుగుల ఎదుర్కొనుట అంటే స్వాగతమే అని ఎట్ల అంటరు?

హన్మకొండ:
మంచి అభ్యంతరం. పాత నిబంధనలో ఈ క్రియ రెండు పనులూ చేస్తుంది, ఒప్పుకోవాలి. హీబ్రూలో అక్కడున్న మాటే అలాంటిది: ఎదురుగా పోవడం వరకే చెబుతుంది, కౌగిలికా కత్తికా అన్నది సందర్భం చెప్పాలి. కొత్త నిబంధనలో మాత్రం అనువాదకులు కొంత జాగ్రత్త పడ్డట్టు కనిపిస్తుంది. లూకా 14:31లో ఇరవై వేల సైన్యంతో వచ్చే రాజును పదివేలతో "ఎదిరింప" శక్తి ఉందా అని ఉంది. గ్రీకులో అదీ ఈ కుదురుదే, కానీ యుద్ధం కాబట్టి తెలుగులో ఎదిరించు పెట్టారు. యాకోబు 4:7లో "అపవాదిని ఎదిరించుడి." అపవాదికి, అంటే సాతానుకు, ఎదిరించుట; ప్రభువుకు ఎదుర్కొనుట. పిల్లలకు ఈ రెండు వచనాలూ పక్కపక్కన బోర్డు మీద రాసి చూపిస్తే పావుగంటలో పని అయిపోతుంది.

డోర్నకల్:
మంచిర్యాల అన్న లేవనెత్తిన చిక్కే ఆదికాండంల కథ అయి కూసున్నది. 32:6ల దూతలొచ్చి యాకోబుతోటి అంటరు: నీ అన్న ఏశావు "నాలుగువందలమందితో నిన్ను ఎదుర్కొన వచ్చుచున్నాడు." వినంగనే యాకోబు "మిక్కిలి భయపడి" మందిని రెండు గుంపులు జేసిండు, ఒకదాన్ని కొడితే ఒకటన్న మిగులుతదని. మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు ముందల కానుకగ తోలిచ్చిండు. రాత్రంత నిద్ర లేదు. ఇగ 33:4 చూడండి: "ఏశావు అతనిని ఎదుర్కొన పరుగెత్తి అతనిని కౌగలించుకొని." మాట అదే, హీబ్రూల సుత అదే. 400 మంది అనే లెక్క నిజమే, వచ్చుడు నిజమే. యాకోబు తప్పువోయింది ఆ మాటకు తాను పెట్టుకున్న అర్థంల. క్రీస్తు రెండో రాకడ గురించి భయపడేటోళ్లకు ఒక్క కథ చెప్పాలంటే నేను ప్రకటన గ్రంథం తియ్యను, ఇదే తీస్త.

మంచిర్యాల:
సరే. మరి తీర్పు? మనమందరం క్రీస్తు న్యాయపీఠం ఎదుట ప్రత్యక్షం కావాలని 2 కొరింథీయులకు 5:10 చెప్తున్నది. మాట మార్చంగనే తీర్పు మాయమైతదా?

డోర్నకల్:
కాదు. తీర్పు లేదని చెప్పి భయం పోగొడితే అది మత్తు ఇచ్చినట్టే, దిగంగనే ఇంకింత ఎక్కువైతది. వాక్యం ఆ తొవ్వ పట్టదు. 1 యోహాను 4:17 "తీర్పుదినమునందు మనకు ధైర్యము కలుగునట్లు" అంటది. తీర్పు దినం ఉన్నది, ఆ దినాన ధైర్యం కూడ ఉన్నది. ఇక్కడ ధైర్యం అన్నకాడ గ్రీకుల పర్రేసియా, అంటే నోరు తెరిచి నిస్సంకోచంగ మాట్లాడే చనువు. కిందనే 18వ వచనం: "ప్రేమలో భయముండదు." ఎందుకో కూడ అదే చెప్తది: "భయము దండనతో కూడినది." దండన భారం క్రీస్తు మీద పడ్డంక "క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" అని రోమీయులకు 8:1. ఈ మూడు కలిపి చెప్పాలె. ఎదుర్కొనుట అంటే స్వాగతం అని ఒక్కటే చెప్తె మంచిర్యాల అన్న అడిగిందే రేపు పిల్లలు అడుగుతరు.

హన్మకొండ:
ధైర్యం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. లూకా 21:28: "ఇవి జరుగ నారంభించినప్పుడు మీరు ధైర్యము తెచ్చుకొని మీ తలలెత్తికొనుడి, మీ విడుదల సమీపించుచున్నది." ఇక్కడ "ధైర్యము తెచ్చుకొని" అన్నచోట గ్రీకులో ఉన్నది ధైర్యం మాట కాదు, వంగిన నడుము నిటారు చేయడం. లూకా తన సువార్తలో ఆ క్రియను ఇంకొక్కచోటే వాడాడు: 13:11లో పద్దెనిమిదేళ్లుగా "నడుము వంగిపోయి" చక్కగా నిలబడలేని స్త్రీ దగ్గర. ఆమె చేయలేకపోయినదాన్నే సముద్రం ఘోషించే రోజున చేయండని శిష్యులకు చెబుతున్నాడు. తెలుగు అనువాదకులు ఒళ్లును వదిలి మనసును పట్టుకున్నారు. తప్పని అనను, కానీ ఆ నడుము పోయింది. పక్కనే "తలలెత్తికొనుడి" మిగిలింది, అంతవరకు మేలు.

జమ్మికుంట:
మాటలు మీరు తేల్చిన్రు. చదివేటప్పుడు ఎక్కడ చెడుతదో నేను రాస్త.

మొదటిది, 1 థెస్సలొనీకయులకు 4:16 కాడ మొదలువెడుతరు: ఆర్భాటం, ప్రధానదూత శబ్దం, బూర. గుండె దడదడ. మొదలు 13 నుంచి పెట్టాలె. అక్కడ పౌలు ఎవలకు రాస్తున్నడు? మనుషులను మట్టిల పెట్టి ఏడుస్తున్నోళ్లకు. "నిరీక్షణలేని యితరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము" అని. క్రీ.శ. 50 దగ్గర్ల కొరింథు నుంచి రాసిన ఓదార్పు జాబు అది. మన దిక్కు సమాధి కాడ అయ్యగారు చదివేది గీ భాగమే. ముగిసేది 18 కాడ: "ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి." తర్వాత 5:1 నుంచి 11 దాక ఇంకో భాగం, దొంగ వచ్చినట్టు వచ్చే దినం గురించి; అది సుత "ఒకనినొకడు ఆదరించి" అనే ముగుస్తది. రెండు భాగాలకు ఒకటే తాళం. రాకడ ప్రసంగం ఆదరణ లేకుండ ముగిసిందంటే వచనాన్ని నడిమిట్ల కోసిన్రని లెక్క.

రెండోది ఫోన్ మెసేజులు. ఇది కొత్త రోగం కాదు. 2 థెస్సలొనీకయులకు 2:2ల "మా యొద్దనుండి వచ్చినదని చెప్పిన పత్రికవలననైనను" బెదరకుండ్రి అని ఉన్నది. పత్రిక అంటే ఉత్తరం. పౌలు పేరు మీద దొంగ ఉత్తరం! ఫార్వర్డ్ వచ్చినప్పుడు చూడాల్సింది ఒకటే: తేదీ పెట్టిన్రా? పెడితే అక్కడనే ఆపెయ్యాలె. అమెరికాల మిల్లర్ అనే బోధకుని అనుచరులు 1844 అక్టోబర్ 22 అన్నరు, అక్కడి రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నడు, రెండు దినాలు మామూలుగ తెల్లారినై. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవలకెరుక అని మనోళ్లు ఊకె అనలేదు. మత్తయి 24:36 ఆ దినాన్ని దూతలకు సుత తెల్వదన్నది.

మూడోది, పని బందు వెట్టుడు. "ఎట్లైనా అంతమే కదా" అని చదువు, పంట ఇడిచిపెట్టేటోళ్లుంటరు. పని చెయ్యకుండ తిరిగేటోళ్లు థెస్సలొనీకల సుత ఉండిరి. వాళ్లకు పౌలు 2 థెస్సలొనీకయులకు 3:12ల మందు రాసిండు: "నెమ్మదిగా పనిచేయుచు, సొంతముగా సంపాదించుకొనిన ఆహారము" తినాలె. పత్తి ఏరేదుంటే ఏరాలె, పరీక్ష ఉంటే రాయాలె.

పిల్లలకు పండుకునే ముందు శ్రమకాలం వీడియోలు చూపెట్టద్దు. ఇంట్ల ఎవలు కనబడకపోతే "అందరు ఎత్తబడ్డరు, నేను ఇడిసిపెట్టబడ్డ" అని వణికే పిల్లలుంటరు. వాళ్లను తిట్టకుండ మత్తయి 28:20 కంఠతా చెప్పియ్యండి: "నేను యుగసమాప్తి వరకు సదాకాలము మీతో కూడ ఉన్నాను." 24:3ల భయపెట్టిన యుగసమాప్తి మాటే ఇక్కడ మాట ఇస్తున్నది. ఇంత చెప్పినా వారాల కొద్ది నిద్ర, తిండి లేకుంటే డాక్టరుకు చూపెట్టాలె. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తె తెలుగుల మాట్లాడుతరు, పైసలు తీసుకోరు. ప్రార్థనకు అది పోటీ కాదు.

పరకాల:
అందరికీ కృతజ్ఞతలు. ఆఖరి మాట: గోడ మీద రాసేటందుకు ఈ వచనాన్ని ఇప్పటి తెలుగుల ఎట్ల పెట్టాలె? కొత్త అనువాదాల్ల "కలుసుకోవడానికి" అని ఉంది.

హన్మకొండ:
"కలుసుకోవడానికి" భయం తీస్తుంది, కానీ ఎవరు వస్తున్నారు, ఎవరు ఎదురుపోతున్నారు అన్నది చెప్పదు. బస్టాండులో కూడా కలుసుకుంటాం. "ప్రభువుకు ఎదురేగడానికి" నా ఓటు.

జమ్మికుంట:
ఎదురేగుడు మా అవ్వలకు తెల్వదు సారూ. "ప్రభువుకు ఎదురువోయి తోల్కచ్చుకునేటందుకు" అంటే ఊరంత సమజైతది.

హన్మకొండ:
మన దిక్కు సరే. కోస్తావాళ్లకు తోలేది పశువుల్ని, గోడ ముందు నిలబడి గొడవ పెడతారు. పైగా తీసుకురావడం దాకా పోతే డోర్నకల్ వారు చెప్పిన వివాదంలో ఒక పక్షం వహించినట్టే, వచనం అంత చెప్పలేదు. "ఎదురుపోవడానికి" అని ఆపండి.

పరకాల:
"ప్రభువుకు ఎదురుపోవడానికి" అనే రాయిస్త. కింద 18వ వచనం కూడ పెట్టిస్త, పెయింటరు జాగ లేదన్నా సరే.