టూల్ సగం తయారయ్యాక స్టేక్‌హోల్డర్లను పిలిస్తే ఉపయోగం ఉంటుందా?

కాలువగట్టు:
అందరికీ నమస్తే. రిజర్వాయర్ నుంచి ఏ కాలువకు ఎప్పుడు ఎంత నీరు వదిలితే మంచిదో సలహా చెప్పే టూల్ మీద మా టీమ్ పని చేస్తోంది. మోడల్ దాదాపు అయిపోయింది, పాత సీజన్ల లెక్కలతో సరిచూస్తే ఫలితాలు బాగానే వచ్చాయి, స్క్రీన్లు కూడా సగానికి పైగా తయారు. ఇప్పుడు డబ్బులిచ్చేవాళ్లు "డిజైన్‌లో స్టేక్‌హోల్డర్లను కలుపుకున్నారా" అని అడుగుతున్నారు. గేట్లు నడిపే ఇంజనీర్లు, కాలువ మొదట్లో రైతులు, చివరి ఆయకట్టు రైతులు, తాగునీటి విభాగం, చేపలు పట్టేవాళ్లు, లిస్టు పెద్దదే. అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి డెమో ఇచ్చి, ఫీడ్‌బ్యాక్ ఫారాలు నింపించుకుంటే పనైపోతుందని మా లీడ్ అంటున్నారు. నాకది మొక్కుబడి వ్యవహారంలా ఉంది. పైగా అందరూ ఒకచోట చేరితే నీళ్ల గొడవే నడుస్తుంది గానీ టూల్ సంగతి ఎవరికీ పట్టదు. ఇలాంటి పని చేసినవాళ్లు చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టాలి?

అట్టపెట్టె:
డెమోతో మాత్రం మొదలుపెట్టకండి. తళతళలాడే స్క్రీన్ చూపిస్తే జనం మొహమాటానికి బాగుందంటారు, అంతకుమించి అడిగితే అక్షరాలు కొంచెం పెద్దవి చెయ్యమంటారు, మీరేమో అది ఫీడ్‌బ్యాక్ అనుకుని ఇంటికొస్తారు. 1981లో స్కాండినేవియాలో యుటోపియా అని ఒక ప్రాజెక్టు మొదలైంది, ప్రింటింగ్ కార్మికుల యూనియన్లతో కలిసి పేజీ తయారీకి కంప్యూటర్ వ్యవస్థ ఎలా ఉండాలో ఆలోచించారు. కావాల్సిన యంత్రాలు అప్పటికి అందుబాటులో లేవు, అందుకని ఖాళీ అట్టపెట్టెను లేజర్ ప్రింటర్ అనుకుని, కాగితాలను స్క్రీన్లనుకుని పని చేసి చూశారు. అట్టముక్క కాబట్టి చించి పారేయడానికి ఎవరికీ భయం ఉండదు, అదీ అందులో ఉన్న సుఖం.

మీ విషయంలో ముందు ఇంజనీర్ల దగ్గర కూర్చుని, పోయినసారి నీటి ఎద్దడి వచ్చినప్పుడు ఏం చేశారో మొదట్నుంచీ చెప్పమనండి. ఎవరికి ఫోన్ చేశారు, ఏ కాగితం చూశారు, ఆఖరి మాట ఎవరిది, అది ఏ టైముకి తేలింది. గేటు నిర్ణయం సాయంత్రం ఫోన్లోనే అయిపోతుంటే, మీ టూల్ మర్నాడు పొద్దున ఇచ్చే నివేదిక ఎంత కరెక్టుగా ఉంటే మాత్రం ఎవరికి కావాలి? ఇలాంటివి ఫారాల్లో బయటపడవు.

పాతకోడు:
పై మాటకి నాదో పాత ఉదాహరణ. 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో మైసిన్ అనే ప్రోగ్రామ్ చేశారు, రక్తంలో ఇన్ఫెక్షన్ లాంటివాటికి ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలో చెప్పేది. పరీక్ష పెడితే నిపుణులకు ఏమాత్రం తీసిపోలేదు, అయినా ఆసుపత్రుల్లో రోజువారీ వైద్యంలోకి రాలేదు. ఒక్కో రోగి గురించి డాక్టరు కూర్చుని బోలెడు ప్రశ్నలకు జవాబులు టైపు చెయ్యాలి, సలహా తప్పితే బాధ్యత ఎవరిదో తేలదు. కాబట్టి "మా మోడల్ కరెక్టే" అన్న ధైర్యం మీద ఎక్కువ ఆధారపడకండి.

తూకంరాళ్లు:
నేను కొంచెం అడ్డం మాట్లాడతాను. అందర్నీ పిలిచి "మీకేం కావాలి" అంటే కోరికల చిట్టా వస్తుంది, అది డిజైన్ కాదు. ఎంత నీరు వదిలితే చివరి కాలువకు ఎంత చేరుతుంది అన్నది లెక్క, అందులో జనం తప్పులు పట్టుకోవచ్చు, పట్టుకోవాలి కూడా (గట్టు ఎక్కడ కారుతుందో మీ మోడల్ కన్నా అక్కడివాళ్లకే బాగా తెలుసు), కానీ అది ఓటింగ్‌తో తేల్చేది కాదు. పంట ముందా, చేపలు ముందా అన్నది మాత్రం మీరు తేల్చేది కాదు. టీమ్‌లో ఎవరో 0.6, 0.4 అని వెయిట్లు (దేనికెంత ప్రాధాన్యం అని చెప్పే అంకెలు) కోడ్‌లో రాసేశారంటే, ఆ నిర్ణయం ఎవరినీ అడక్కుండా జరిగిపోయినట్టే. ముందు మీ కోడ్‌లో అలాంటి అంకెలు ఎక్కడెక్కడ దాక్కున్నాయో వెతకండి.

వెయిట్లు అడిగేటప్పుడు కూడా "చేపలు పదికి ఎంత ముఖ్యం" అని అడక్కండి, దానికి అర్థం లేదు. చేపలకు అతి చెడ్డ సీజన్ ఇది, అతి మంచి సీజన్ ఇది, ఈ తేడా కోసం పంటలో ఎంతవరకు వదులుకోవచ్చు అని అడగండి.

గొడవ అంటారా, వస్తుంది. మొదట ఒక్కో వర్గంతో విడివిడిగా కూర్చోండి, కలపడం తర్వాత. కాలిఫోర్నియాలో సముద్ర రక్షిత ప్రాంతాల (చేపల వేట మీద ఆంక్షలుండే చోట్ల) కోసం 1999లో చట్టం తెచ్చాక, మొదట నిపుణులే మ్యాపులు గీసి సభల్లో పెడితే జనం మండిపడ్డారు, అది ఆగిపోయింది. 2004 నుంచి పద్ధతి మార్చారు. జాలర్లు, డైవర్లు, పర్యావరణం వాళ్లు కలిసి కూర్చుని ప్రతిపాదనలు తయారు చేశారు, తర్వాత తర్వాత మెరైన్‌మ్యాప్ అనే వెబ్ టూల్‌లో వాళ్లే హద్దులు గీసి, దాని ఫలితం ఏమిటో అక్కడే చూసుకునేవాళ్లు. గొడవలు అప్పుడూ ఉన్నాయి, కాకపోతే ఒకే మ్యాపు ముందు పెట్టుకుని గొడవపడ్డారు. 2012కి తీరం పొడవునా ఆ పని పూర్తయింది.

ఇంకోటి, మీటింగ్ పగలు పెడితే కూలికెళ్లేవాళ్లు రారు. వచ్చినవాళ్ల మాటే అందరి మాట అని రిపోర్టులో రాసేస్తారు.

కాలువగట్టు:
చాలా థాంక్స్ అండి. వెయిట్లు చూశాను, ఉన్నాయి, మూడు ఫైళ్లలో. ఈలోగా ఇద్దరు ఇంజనీర్లతో మాట్లాడితే అసలు భయం వేరే బయటపడింది. టూల్ చెప్పింది ఒకటి, వాళ్లు చేసింది ఒకటి అయితే, అది రికార్డులో ఉండిపోతుంది కదా, రేపు ఏదన్నా జరిగితే తమ మెడకే చుట్టుకుంటుందని టెన్షన్. దీనికేం చెయ్యాలి?

అట్టపెట్టె:
వాళ్లు ఆ మాట మీతో అన్నారంటే నమ్మకం కుదిరినట్టే, దాన్ని పక్కన పెట్టకండి. ఒకే సిఫారసు చూపించే బదులు రెండు మూడు దారులు పెట్టి, ఏది ఎంచుకుంటే ఎవరికి ఎంత నీరు తగ్గుతుందో చూపించండి, అప్పుడు "టూల్ మాట కాదన్నాడు" అనే మాటే రాదు. రికార్డు ఎవరు చూడొచ్చన్నది వాళ్ల పైఅధికారులతో ముందే కాగితం మీద ఖాయం చేయించండి, మీ టీమ్ నోటిమాటగా ఇచ్చే హామీ పనికిరాదు.

పాతకోడు:
సలహాను కాదన్నప్పుడు కారణం రాసే గడి కూడా పెట్టండి. డాక్టర్లు కంప్యూటర్లో మందులు రాసేటప్పుడు వచ్చే హెచ్చరికల మీద 2006లో వచ్చిన ఒక సమీక్షలో, డాక్టర్లు 49 నుంచి 96 శాతం వరకు వాటిని దాటేసి ముందుకెళ్లారని తేలింది. ఎందుకు దాటేశారో తెలిస్తేనే ఏ హెచ్చరిక తీసేయాలో తెలుస్తుంది. మీ దగ్గరా అంతే. మొదటి సీజన్‌లో ఆ గడికి డ్రాప్‌డౌన్ (ముందే రాసిపెట్టిన కారణాల్లో ఒకటి ఎంచుకునే జాబితా) పెట్టొద్దు, పెడితే అందరూ "ఇతరాలు" నొక్కి పోతారు. వాళ్ల మాటల్లో వాళ్లని రాయనివ్వండి, ఏ ఆప్షన్లు ఉండాలో సీజన్ అయ్యాక వాళ్లతోనే కూర్చుని తేల్చుకోవచ్చు.